గడప దాటని టెలిస్కోపు

కుర్చీ దొరికి కూర్చున్నవాళ్లకూ, దొరక్క గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లకూ, లోపలికి రాలేక మెట్లమీదే ఆగిపోయి చెవి ఇటు పెట్టినవాళ్లకూ నమస్కారం. అన్నయ్య పోయాడు. ఈ మాట అనడం నాకింకా నోటికి అలవాటు కాలేదు. మీరంతా వచ్చారు కాబట్టి అనక తప్పదు. పోయాడు.

ఇంత ఇరుకు గదిలో సంతాప సభేమిటి, కింద హాల్లో పెట్టొచ్చు కదా అని మీలో చాలామంది మనసులో నన్ను తిట్టుకుంటున్నారు. తిట్టుకోండి. హాలు ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను. ఎందుకో చివర్లో చెబుతాను. ఈలోగా ఎవరూ బయటికి జారుకోవాలని చూడకండి, జారుకోలేరు. గుమ్మానికి అడ్డంగా ఉన్న ఈ చెక్క గొట్టం కిందనుంచి ఒక్కొక్కరే వంగి వచ్చారు మీరంతా. బతికున్నన్నాళ్లూ ఆయన ముందు ఎవరు తల వంచారు? ఇవాళ బిల్డింగ్ మేనేజర్ గారితో సహా అందరూ వంగే వచ్చారు.

నన్నెరగనివాళ్ల కోసం చెబుతున్నాను. నేను ఆయన తోడల్లుణ్ణి. ఆయన భార్య, అంటే మా వదిన, నా భార్యకు సొంత అక్క. కిటికీలకు గ్రిల్స్ చేసి బిగించడం నా పని. లిఫ్టులు బాగుచేయడం ఆయన పని. సభల్లో మాట్లాడటం నాకు రాదు. నోరు జారితే వదిన నా కాలు తొక్కుతుంది, అంత దగ్గరగానే కూర్చుంది.

మిత్రులారా, లిఫ్ట్ మెకానిక్ ఎవరికి గుర్తుంటాడు? లిఫ్ట్ నడిచినన్నాళ్లూ ఎవరికీ గుర్తుండడు. ఆగిన మరుక్షణం మాత్రం దేవుడికన్నా ముందు ఆయనే గుర్తొస్తాడు! అదిగో, ఆ మూల కూర్చున్న టీచరమ్మగారిని అడగండి. ఒకరోజు ఆవిడ ఒక్కరే ఎక్కిన లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల చీకటి. బ్రేకు పట్టేసింది, దాన్ని వదిలించే సామాను ఇంకో చోటినుంచి రావాలి. సామాను కోసం మనిషిని పరుగెత్తించి, అన్నయ్య తలుపుకు ఇవతల నేలమీద చతికిలబడ్డాడు. అందరికీ చెప్పే మాటే ఆవిడకూ చెప్పాడు. “మీరు ఇరుక్కోలేదమ్మా. లిఫ్టు ఆగింది, అంతే. ఆగింది కదులుతుంది.” ఆ తర్వాత, టెలిస్కోపుకి అద్దం ఎలా అరగదీయాలో మొదటినుంచీ చెప్పుకుంటూ వచ్చాడట. ఆవిడ ఏడుపు ఆపి వినడం మొదలుపెట్టారు. తలుపు తెరుచుకుని బయటికి రాగానే ఆవిడన్న మొదటి మాట ఏమిటో తెలుసా? “ఇంతకీ ఆ అద్దానికి పూత ఎవరు పూశారండీ?”

ఆయనకు ఒక్క విషయంలో మాత్రం ఒళ్లు మండేది. లోపల చిక్కుకున్నవాళ్లు మొహమాటపడి బెల్లు నొక్కకుండా కూర్చుంటారు చూడండి, వాళ్లమీద. “బెల్లు నొక్కడానికి సిగ్గేంటండీ? అది ఉన్నదే నొక్కడానికి” అని కసిరేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నాకు మళ్లీ పని పడుతుంది.

ఇక ఈ గొట్టం, అంటే ఆయన టెలిస్కోపు సంగతి. గుమ్మం దగ్గర పైకి లేచి, ఇటు కిందికి వాలి మీ మోకాళ్లకు తగులుతున్నది ఇదే. దీని అడుగున దళసరి అద్దం ఉంది, పెద్ద పళ్లెమంత. ఆ అద్దాన్ని ఆయన కొనుక్కోలేదు, చేసుకున్నాడు. ఓ డ్రమ్ము బోర్లించి, రెండు గాజు బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెట్టి, మధ్యలో గరుకు పొడి వేసి, డ్రమ్ము చుట్టూ తిరుగుతూ అరగదీశాడు. రోజూ పనినుంచి రావడం, చొక్కా విప్పడం, గానుగెద్దులా తిరగడం. ఇల్లంతా ఆ పొడే. తినే ముద్దలో కూడా కరకరలాడేదని వదిన ఇప్పటికీ అంటుంది. అవునా కాదా వదినా?

మరి ఇంత ప్లైవుడ్ ఎక్కడిది? పాత లిఫ్టులకు కొత్త క్యాబిన్లు పెడతారు కదా, పీకేసిన పాత చెక్కలు చెత్తలో పడేస్తారు. వాటినే మూడంతస్తులు మోసుకొచ్చాడు. లిఫ్ట్ మెకానిక్కుగా జీవితమంతా గడిపిన మనిషి ఉండేది లిఫ్టు లేని బిల్డింగులో. చెబితే నవ్వుతారు! ఆ చెక్కలు కోసి, రుద్ది, ఎనిమిదడుగుల పొడవున నలుపలకల గొట్టం చేశాడు. ఇటు పక్కన కూర్చున్నవాళ్లు కాస్త వంగి చూడండి. ఆ పాత అక్షరాలు ఇంకా ఉన్నాయి. “ఎనిమిది మంది మాత్రమే.” తుడిచేయొచ్చు కదా అన్నయ్యా అంటే, ఉండనీ, చెక్కకు దాని పాత ఉద్యోగం గుర్తుంటే మంచిదే అన్నాడు.

ఇదంతా దేనికి? వదినకు శనిని చూపించడానికి. అంతే. ఆ గ్రహం చుట్టూ వలయం ఉంటుందట, అది కంటితో చూస్తే మనిషి మునుపటిలా ఉండడట. “నాకు పట్టిన శని చాలదా, పైనున్నదాన్ని కూడా చూడాలా?” అని వదిన దెప్పేది. దెప్పుతూనే జిగురు డబ్బా పట్టుకుని నిలబడేది. చూపిస్తానని ఆయన మాటిచ్చాడు. చూస్తానని ఈవిడ కూడా మాటిచ్చింది, పైకి ఒప్పుకోదు గానీ.

ఇలాంటివి చేసేవాళ్లు ఎవరైనా బోల్టులు పెట్టుకుంటారు. విప్పుకుని మోసుకెళ్లి, మళ్లీ బిగించుకుంటారు. అన్నయ్య ఒక్క బోల్టు పెట్టలేదు. బోల్టు అంటే ఆయనకు పడదు. “ప్రతి బోల్టూ ఏదో ఒకరోజు వదులవుతుంది తమ్ముడూ. నేను చూసిన ప్రమాదాలన్నీ అక్కడే మొదలయ్యాయి” అనేవాడు. అందుకని అంతా జిగురే. అంచుకు అంచు అతికించి, బిగించి ఆరబెట్టాడు. ఏనుగు తొక్కినా విడిపోదు.

పూర్తయిన రోజు మమ్మల్నందరినీ పిలిచాడు. పై అంతస్తే డాబా. గుమ్మం కొలత ముందే తీసుకున్నాడు, గొట్టం గుమ్మంలోంచి సాఫీగా వెళుతుంది. వెళ్లింది కూడా. సగం దాకా వెళ్లి ఎదుటి గోడకు గుద్దుకుంది. మీరు వచ్చిన ఆ వసారా ఎంత ఉంటుంది? ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. ఎనిమిదడుగుల గొట్టం అక్కడ పక్కకు ఎలా తిరుగుతుంది? నిలబెట్టి తిప్పుదామంటే పైన నీళ్ల పైపులు. అటు తిప్పాం, ఇటు తిప్పాం. నా వేళ్లు నలిగాయి. అన్నయ్య చెమట తుడుచుకుని గోడవైపు చాలాసేపు చూశాడు. జీవితమంతా పైకీ కిందికీ పోయే పెట్టెలతో బతికినవాడికి, పెట్టె మలుపు తిరగాల్సి వస్తుందన్న ఆలోచనే రాలేదు. ఆ రోజు మేమంతా పగలబడి నవ్వాం. ఆయనా నవ్వాడు. “ఇరుక్కోలేదు, ఆగింది” అన్నాడు.

అయితే ఆగింది కదల్లేదు. కిటికీ ఉందిగా, గ్రిల్ కోసేస్తాను, బయటినుంచి డాబా మీదికి లాగుదాం అన్నాను. మేనేజర్ గారిని అడిగితే, గ్రిల్ మీద చెయ్యి పడిందంటే ఇల్లు ఖాళీ చేయాలన్నారు. అన్నారా లేదా సార్? మీరు లేవకండి, తలుపు దగ్గర దారి లేదు. రెండోసారి అడుగుదామంటే అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తనతో పనిచేసే కుర్రాళ్లకు కూడా చెప్పనివ్వలేదు. ఊళ్లోవాళ్లందరినీ బయటికి తీసే మనిషి, నన్ను బయటికి తీయండని ఎవరిని అడుగుతాడు?

ఆ తర్వాత గుండె జబ్బు వచ్చింది. మెట్లు ఎక్కకూడదన్నారు. ఎక్కకూడదంటే దిగకూడదనే కదా, దిగితే మళ్లీ ఎలా వస్తాడు? అలా ఆయనా ఈ గదిలోనే ఉండిపోయాడు, దీని పక్కనే. ఈ కిటికీ ఉత్తరం వైపు. గ్రహాలు ఇటు రావట. ఎదురుగా బిల్డింగు, దానికీ పక్కదానికీ మధ్య అరచేతి వెడల్పు ఆకాశం. అందులోంచి నాలుగు వీధుల అవతల ఒక నీళ్ల ట్యాంకు కనబడుతుంది. టెలిస్కోపులో అన్నీ తలకిందులే. ఆ ట్యాంకు కింద ఓ పావురం గూడు కట్టుకుంటే, రోజూ దాని కబుర్లు వంటింట్లో ఉన్న వదినకు కేకేసి చెప్పేవాడు. గుడ్లు పెట్టిందోయ్. పిల్లలయ్యాయోయ్. శని కోసం అరగదీసిన అద్దంలో పావురాల సంసారం! అవి కూడా ఎగిరిపోయాయి. మళ్లీ ట్యాంకు, దాని తుప్పు.

ఒక సాయంత్రం వదిన కిందికి వెళ్లినప్పుడు నేను ఉండబట్టలేక అడిగేశాను. అన్నయ్యా, నిజం చెప్పు, ఇది ఆగడమా, ఇరుక్కోవడమా అని. ఆయన ‘ఎనిమిది మంది’ అన్న ఆ అక్షరాలమీద చెయ్యి పెట్టి, “ఇరుక్కున్నాను తమ్ముడూ” అన్నాడు. “మీ వదినకు మాత్రం చెప్పకు. ఆగిందనే చెప్పు” అన్నాడు.

వదినా, నన్ను క్షమించు, చెప్పేశాను. కాలు తొక్కుతావనుకున్నాను. తొక్కలేదు. నీకు ఎప్పుడో తెలుసన్నమాట.

అన్నయ్యా, నీ మీద నాకు కోపంగా ఉంది. అందరినీ కసిరేవాడివే, నీ బెల్లు నువ్వెందుకు నొక్కలేదు? ఇంతమంది ఉన్నారే! ఈ గదిలో ఉన్నవాళ్లలో సగం మంది నువ్వు చెయ్యందించి బయటికి లాగినవాళ్లే కదా! ఒక్క కేక వేస్తే రాకపోదురా?

సరే. రేపు పొద్దున్నకల్లా గది ఖాళీ చేయాలని మేనేజర్ గారు చెప్పారు. వదిన మా ఇంటికి వస్తుంది. ఈ గొట్టాన్ని ఏం చేయాలంటే, రంపంతో ముక్కలు చేసి మెట్లమీదుగా దింపుకోమన్నారు. రంపం కూడా ఆయనే ఇస్తారట, దయగల మనిషి. కానీ సార్, ఖాళీ చేయిస్తామన్న బెదిరింపు, ఖాళీ చేస్తున్నవాళ్ల దగ్గర ఎలా పనిచేస్తుంది?

ఇప్పుడు అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి కిటికీ చూడండి. ఆ దుప్పటి తీయరా అబ్బాయ్. చూశారా? గ్రిల్ లేదు. చట్రం కూడా లేదు. పొద్దున్నే నేనే కోశాను. గోడకు గీత పడలేదు, రేపు మళ్లీ నేనే బిగించి ఇస్తాను, మునుపటికంటే గట్టిగా. అన్నయ్య దగ్గర పని నేర్చుకున్న లిఫ్టు కుర్రాళ్లు డాబా మీద గొలుసు కప్పీ కట్టుకుని కూర్చున్నారు. పైకి లాగడం వాళ్లు చూసుకుంటారు, వాళ్లు పుట్టిందే అందుకు. ఇక్కడినుంచి ఎత్తి కిటికీ దాటించడానికే మనుషులు కావాలి. ఇంకాసేపట్లో చీకటి పడుతుంది. ఇవాళ శని డాబాకు ఎదురుగా వస్తాడట. హాలు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిందా?

ఇక చాలు. అందరూ లేచి నిలబడండి. మెల్లగా, తల తగులుతుంది. మేనేజర్ గారూ, మీరు కూడా. ఓ నిమిషం ఎవరూ మాట్లాడకుండా, ఆయన్ని ఒక్కసారి తలుచుకుందాం. ఆ తర్వాత అందరూ కూర్చోవచ్చు.

ఎనిమిది మంది మాత్రం కూర్చోకండి.