ప్రెసిడెంటు గారితో పనుండి

లేదండీ సుందరరావు గారూ, రేపటి జిల్లా బోర్డు ప్రెసిడెంటు ఎన్నికకి మా వారిని పంపను. మీరు కారు పంపినా సరే, మీరే చెయ్యి పట్టుకుని నడిపించుకెళతానన్నా సరే. ఎలాగూ వైస్ ప్రెసిడెంటు మీరే కదా, ఆ కుర్చీలో ఈసారి మీరే కూర్చోండి.

కాస్త మెల్లిగా మాట్లాడండి, సావిట్లోనే ఉన్నారు.

ఏమిటీ, మా వారి పేరు చెబితేనే బోర్డు మెంబర్లంతా ఒక్క మాట మీద ఉంటారా? ఉంటారండీ. మరి పేరుతో పాటు మనిషి కూడా రావాలి కదా. మొన్న కొల్లేటి లంకలో మీరు పక్కనే ఉన్నారు. చేపలు పట్టుకు బతికేవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈయన ఉప్పుటేరు తవ్వించి నీళ్ళన్నీ సముద్రంలోకి వదిలించేస్తాను, ఈ మేరంతా వరి పండిద్దాం అన్నారట. అది కొల్లేటి ముంపుకి చేలు పోగొట్టుకునే దెందులూరు రైతులకి చెప్పే మాట కాదూ? నీళ్ళు పోతే లంకలవాళ్ళు ఏం తిని బతుకుతారు?

వాళ్ళ పెద్ద, ముసలయ్యట, అయ్యగారు ఎండకి సొలిసిపోయారని భుజం పట్టుకుని దోనె ఎక్కించాడట. ఆయనంటే వాళ్ళకి అంత ప్రేమ. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అవునండీ, కుళ్ళే. దాచుకోవడం ఎందుకు?

ఈ ఇంటికి ఎవరొచ్చినా, ముందు కూర్చోండి, మంచినీళ్ళు తాగండి, తరవాత చెబుదురుగాని అనేవారు. నాతో ఎప్పుడైనా అన్నారా? ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళేనాడు వీధిలో పేరుపేరునా అందరికీ దండం పెట్టారు. నా చేతిలో ఇనప్పెట్టె తాళాలు పెట్టారు. నేను జ్వరంతో మూలుగుతుంటే, నన్ను చూడ్డానికొచ్చిన డాక్టర్ని గుమ్మంలోనే ఆపి, పాలు పోసే నూకాలమ్మ పురిటికి పంపించారు. పాపం, దాని తప్పేముంది గానీ, ఇవాళ్టికీ దాని మొహం చూస్తే నాకు పడదు.

ఇప్పుడు చెప్పేది విని నవ్వకండి. మొన్న శుక్రవారం కొత్త చీర కట్టుకుని సావిట్లోకి వెళితే, ఎవరమ్మా మీరు అన్నారు. ప్రెసిడెంటు గారితో పనుండి వచ్చానండీ అన్నాను.

లేచి నుంచున్నారండీ. కుర్చీ లాగి కూర్చోమన్నారు. ఏ ఊరమ్మా అంటే, నల్లజర్ల అని మా పుట్టింటి ఊరు చెప్పాను. ఇక నేను ఆగలేదు. మా అమ్మ పోతే మా ఆయన మీటింగుందని రాలేదండీ, పెళ్ళయిన దగ్గర్నుంచీ నాతో తీరిగ్గా నాలుగు మాటలు మాట్లాడలేదండీ అని అంతా చెప్పుకున్నాను. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. అంత తీరికలేని పెద్దమనిషి ఎవరమ్మా, నేను కబురు పెడతాను అన్నారు.

అప్పట్నుంచీ రోజూ చీర మార్చుకుని వెళుతున్నాను. ఆయనకి నేను రోజూ కొత్తే.

లంకలవాళ్ళ మీద జాలితో ఆపుతున్నాననుకునేరు. కాదండీ, కొల్లేరు ఎండితే నాకేం, నిండితే నాకేం. ఇన్నాళ్ళూ ఊరందరికీ ఇచ్చిన మనిషిని ఇక ఇవ్వదలుచుకోలేదు, అంతే.

వెళ్ళేముందు పలకరించి వెళ్ళండి, సంతోషిస్తారు. కానీ ఎప్పటిలా నన్ను చూపించి, మీ ఆవిడండీ అని గుర్తు చెయ్యకండి. గుర్తొచ్చిందంటే, కాఫీ ఏదీ అంటారు.