పేరయ్య పక్కన మనిషి

అడ్డరోడ్డు కాడ చింతచెట్టు ఉండాది చూడండి, దాని కింద బస్సు ఆగుద్ది, నీడుండాది, కూర్చోను బండ కూడా ఉండాది, అయినా మనూరోళ్ళు ఒక్కరు కూడా అక్కడ ఎక్కరు. ఎండైనా వానైనా మైలు దూరం నడిచి సిమెంటు కొట్టు కాడికి పోయి ఎక్కుతారు. ఎందుకని ఎప్పుడన్నా అడిగారా? అడగరు. పెద్దోళ్ళు నడిస్తే మీరూ వెనకాల నడుస్తారు, అంతే. ఇట్టా దగ్గరికి జరగండి, నాకు గొంతు పెద్దగా లేవడంలా. ఒసే రమణా, ఆ చాటలో శనక్కాయలు ఒలుస్తా విను, చెవులకి పనుంటే చేతులు ఖాళీగా ఎందుకు.

మనూళ్ళో పేరయ్య అని ఉండేవోడు. పొలం లేదు, పిల్లల్లేరు, పెళ్ళాం వయసులోనే పోయింది. ఆమెని టౌను పెద్దాసుపత్రికి తీసకపోయినప్పుడు దారి తెలవక తిరిగి తిరిగి పొద్దుపోగొట్టుకున్నాడంట, ఇంగ అప్పట్నుంచి ఊళ్ళో ఎవురు మంచాన పడ్డా పిలవకుండానే వచ్చి వాకిట్లో నిలబడేవోడు, పదండి పోదాం అని. ఇప్పుడంటే ఫోను కొడితే అంబులెన్సు వస్తంది, అప్పుడు యాడిది?

ఆయనకి తెలవని సంగతి లేదు. పొద్దన ఆరుగంటల బస్సులో రోగిని వెనక చక్రం మీద సీట్లో కూర్చోబెట్టకూడదు, కుదుపుకి ప్రాణం పోద్ది, నడిమి సీటే పట్టాల. ఎక్కంగానే కండక్టరుకి చెప్పుకుంటే ఆసుపత్రి మలుపు కాడ ఆపుతాడు. చెప్పకపోతే బస్టాండులో దిగాల, అక్కడ ఆటో ఎక్కాల, ఆటోవాడికి ఆసుపత్రి పేరు గట్టిగా చెప్పాలంట. 'మంచి ఆసుపత్రికి పోనీ నాయనా' అన్నారా, వాడికి ఏది మంచిదో అక్కడికి పోనిస్తాడు. తిరిగి రావాలంటే రెండున్నర బస్సు, అది తప్పితే నాలుగింటికి పాల వ్యాను. పచ్చి బాలింతని పాల క్యాన్ల మధ్యలో కూర్చోబెట్టి, చలిగాలి తగలకుండా తను అడ్డం నిలబడి తీసకొచ్చినోడు పేరయ్య. ఆ బాలింత ఎవరనుకున్నారు? నేనే. ఆ బిడ్డే మీ వెంకట్రావు మామ, ఇప్పుడు ఇంత పొట్టేసుకుని తిరగతన్నాడు చూడు, ఆయన.

అన్నిటికన్నా ముందు ఒక మాట చెప్పేవోడు, రోగి ఒక్కడే పోకూడదమ్మా, పక్కన మనిషి ఉండాల అని. వరసలో నిలబడేదెవురు, చీటీ రాయించేదెవురు? రోగి బెంచీ మీంచి లేస్తే బెంచీ పోద్ది, లేవకపోతే వరస పోద్ది అనేవోడు. నిజమేగా?

అట్టాంటోడికి ఒక ఏడు దమ్ము పట్టుకుంది. నాలుగడుగులేస్తే ఆయాసం. టౌనుకి పోవాల, ఎవురన్నా తోడు రాండి అని నాలుగిళ్ళు తిరిగాడు. ఎవురూ కాదనలా, అదే వచ్చిన తిప్పలు. అందరూ నవ్వారు. నీకు తెలవని ఆసుపత్రా పేరయ్యా, డాక్టర్లకే నువ్వు దారి చెప్తావు, నీకు తోడెందుకు అన్నారు. ఎకసెక్కం కాదు, మెచ్చుకోలుగానే అన్నారు.

ఇంగ ఆయన పొద్దన్నే పోయి చింతచెట్టు కింద కూర్చున్నాడు. ఆరింటి బస్సు వచ్చింది, ఎక్కలా. పదకొండింటి బస్సు వచ్చింది, ఎక్కలా. నేను గడ్డిమోపు నెత్తినేసుకుని అటే వస్తన్నా. ఏం మావా, ఎవురికోసం అన్నా. పక్కన మనిషి కోసం అమ్మాయ్ అన్నాడు. పదిమందికి పక్కన మనిషివి నువ్వు, నీకొకడు కావాల్నా అని నవ్వుకుంటా వచ్చేశా. గేదె ఆకలి మీదుంది మరి. సందేళ బస్సు కండక్టరు దిగి చూస్తే బండ మీద ఆనుకున్నోడు ఆనుకున్నట్టే ఉన్నాడంట. చెయ్యి సల్లగా ఉందంట.

పదకొండు రోజులు జరిపాం, బాగానే జరిపాం. అయినా పోలా ఆయన. ఆ చెట్టు కింద ఎవురు కూర్చున్నా చెవి పక్కనే 'తోడొస్తావా' అని వినపడేది. మనిషి కనపడేవోడు కూడా, పలచగా, ఎండలో పొగ లాగా. ఒక్కొక్కరే సిమెంటు కొట్టుకి మారారు.

రెండేళ్ళకి మిరపకోతలప్పుడు ఊరంతా గుంటూరు తట్టు పోయాం. ఊళ్ళో ముసలోళ్ళూ, మా తోడికోడలు మస్తానమ్మా, మా మరిది ఓబులేసూ మిగిలారు. ఒకరోజు తెల్లారేసరికి ఓబులేసుకి కడుపులో నొప్పి, మెలికలు తిరిగిపోతన్నాడు. మస్తానమ్మ మండలం దాటి ఎరగదు, చదువు లేదు, చేతికింద మనిషి లేడు. మొగుడ్ని భుజాన వేసుకుని అడ్డరోడ్డు దాకా ఈడ్చుకొచ్చింది, ఇంగ సిమెంటు కొట్టు దాకా నడిచే ఓపిక ఇద్దరికీ లేదు. ఏం చేసుద్ది? చెట్టు కిందే కూలబడింది.

అడిగాడంట, తోడొస్తావా అని. చచ్చిపోయినోడని మస్తానమ్మకి తెలవదా? తెలుసు. పదకొండో రోజు గారెలు వండింది అదే. అయినా మొగుడు అట్టా మెలికలు తిరుగుతుంటే దెయ్యానికి ఎవురు బయపడతారే? వస్తా మావా, ముందు నువ్వు నాకు తోడు రా అనిందంట. అప్పటిదాకా అందరూ పరిగెత్తినోళ్ళే, బదులు చెప్పింది ఇదొక్కతే.

ఇంగ చూడు, బస్సులో నడిమి సీటు పట్టించాడు, కండక్టరుకి చెప్పమని గుర్తు చేశాడు, మలుపు కాడ దింపించాడు. అటు కాదమ్మాయ్, ఆ గేటు శవాలది, ఇటు రా అన్నాడంట, తనే శవమయ్యుండి. ఏ కిటికీ, ఏ గది, రక్తం ఇచ్చేది యాడ, అన్నీ చెవిలో చెప్పేవోడంట. పదిగంటలకల్లా ఓబులేసుని లోపలికి తీసకపోయి కోశారు. ఇంకో గంటయ్యుంటే దక్కేవోడు కాదన్నాడంట డాక్టరు.

ఎనిమిది రోజులకి వచ్చారు. చెట్టు కాడ దిగంగానే పేరయ్య, అమ్మాయ్, మంగళవారం దమ్ము డాక్టరు వస్తాడు, పోదాం అన్నాడు. మేం కోతలనించి వచ్చేసరికి ఇంట్లో రాద్ధాంతం. ఓబులేసు మంచం మీంచే, పోతే ఆ దెయ్యం నిన్ను పట్టుకపోద్దే, నేను దక్కి నువ్వు పోతే ఏం లాభం అని ఏడుపు. మా అత్త తాయెత్తు కట్టించింది. మస్తానమ్మ ఒకటే మాట, ఆ ముసలాయన నా మొగుడి కోసం ఆ ఆసుపత్రి మెట్లన్నీ ఎక్కి దిగాడక్కా, ఆడిన మాట తప్పమంటావా అనింది. నిజానికి పోవాల్సింది నేను. ఆరోజు నవ్వింది నేనేగా. నేను పోతాలే అని నోటిదాకా వచ్చింది, బయటికి రాలా. బయం. మీకాడ దాచేదేముంది.

పోయింది. ఆరోజు రెండున్నర బస్సు టయానికి మేమందరం సిమెంటు కొట్టు కాడ నిలబడ్డాం. ఓబులేసు కుట్లు పట్టుకుని వచ్చాడు. బస్సు ఎంతకీ రాలా. వచ్చినాక చూస్తే దాంట్లో ఇది లేదు. ఓబులేసు రోడ్డు మీదే కూర్చున్నాడు. ఇంగ పొద్దు వాలేటప్పుడు పాల వ్యాను ఆగింది, ముందు సీట్లోంచి దిగింది మస్తానమ్మ, వాడిపోయి, తలంతా రేగి, ఏమే ఏం చేశాడే అంటే, ఏం చెయ్యలేదక్కా, ముందు మంచినీళ్ళియ్యి అనింది.

ఏం జరిగిందంటే, చీటీల కిటికీ కాడ పేరు పేరయ్య అని చెప్పిందంట. పేషెంటేడి అన్నాడంట లోపలాయన. అదుగో బెంచీ మీద కూర్చోనుండాడయ్యా అంటే తల కూడా ఎత్తకుండా రాసిచ్చాడంట. వరసలో నిలబడితే నిలబడితే వీళ్ళ వంతు వచ్చేసరికి డాక్టరు లేచి వెళ్ళిపోయాడు, నర్సమ్మేమో వచ్చే మంగళవారం రాండి అనిందంట. పేరయ్యతో చెప్తే, సరే అమ్మాయ్, ఆసుపత్రంటే అంతేలే అని, తనూ వ్యానెక్కి చెట్టు కాడ దిగిపోయాడంట.

ఆపై మంగళవారం కూడా పోయింది. ఆరోజు డాక్టరు సెలవు. మూడో వారం ఇంకేందో కాయితం కావాలన్నారు. నాలుగో వారానికి మస్తానమ్మకి కలుపు పని తగిలింది, పోలా. ఇంగ ఆయన చెట్టు కింద ఎవురు కనపడితే వాళ్ళని అడగతన్నాడు. కంసాలి బ్రహ్మయ్యని తీసకపోయాడు, గాజులమ్ముకునే ఆమెని తీసకపోయాడు, ఊరుగాని ఊరోడు ఎవురో నీడకి కూర్చుంటే వాడినీ తీసకపోయాడు.

నేనా? పోయాన్లే. రెండుసార్లు. దాని సంగతి వద్దు.

పీక పిసకడాలు, రక్తం తాగడాలు ఏం లేవు, బయపడబాకండి. ఊరికే పక్కన కూర్చుని అడుగుతాడు, ఒక్కసారి మొకం చూశారంటే కాదని నోరు రాదు. అందుకని మంగళవారం పూట ఆ చెట్టు కిందికి పోబాకండి. పోయేటట్టయితే మటుకు అన్నం మూట కట్టుకుని పోండి, పొద్దుగూకేదాకా తెమలదు.