కోచ్‌గారికి అన్నం పెట్టొద్దన్నారు

ఆ గొడుగు గుమ్మం పక్కన పడేసి లోపలికి రండి కోచ్‌గారూ, వానలో అలా నిలబడితే ఎలా? అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. వచ్చినట్టే వచ్చి వెనక్కి తిరిగారు, మళ్లీ వచ్చారు. నా కొట్టుకి రావడానికి మీకు మొహమాటమేంటండీ? పొద్దున్న వచ్చినవాళ్లకి లేని సిగ్గు మీకెందుకు?

ఇక్కడ, పొయ్యి దగ్గర కూర్చోండి. ఒళ్లు ఆరుతుంది.

ఆ గోడకేసి చూడకండి. ఇంక మేకులే మిగిలాయి. మన ఫుట్‌బాల్ టీమ్ కండువాలూ, డోలూ పొద్దున్నే పట్టుకుపోయారు.

చెప్తాను, ఉండండి. ముందు సూప్ పెట్టనివ్వండి. ఎండుచేప సూపే, రోజూ మీరు తినేదే. ముల్లంగి కిమ్చి నిన్న పెట్టాను, ఇంకా పులవలేదు.

మీకు నా మాట ఒక్కటీ అర్థం కాదని నాకు తెలుసు లెండి. ఆ దుబాసీ అమ్మాయికి ఆదివారం సెలవు. తను పక్కన లేకపోతే మా భాషలో మీకొచ్చింది ఒకే ఒక్క మాట, అవును. ఉప్పెక్కువైందా అంటే అవును. మా ఆయన పోయాడండీ అంటే దానికీ అవునే. అయినా వింటారు. చెంచా పక్కన పెట్టి మరీ వింటారు. ఆ మాత్రం ఈ ఊళ్లో ఇంకెవరు చేస్తారు?

మీరు దిగిన రోజు గుర్తుందా? జనవరి. ముక్కులు ఊడిపోయే చలి. రైలు స్టేషన్ బయట మంచులో మా వాళ్లంతా బారులు తీరారు. మన్సిక్ లేడూ, టైర్ల షాపు మన్సిక్, అభిమానుల సంఘానికి పెద్ద. నిన్న బస్సు ముందు మెగాఫోన్ పట్టుకుని మీ మీద అరిచాడే, వాడే. ఆ రోజు మీ మెడలో నీలం కండువా వేసిందీ వాడే. వేసి ఏడ్చాడు. వాడికి ఏడుపు తొందర. గెలిచినా ఏడుస్తాడు, ఓడినా ఏడుస్తాడు.

అసలు తప్పంతా మీ పేరుదండీ. తిహోమిర్ అట. మా నోళ్లలో పడి అది తి, హో, మి, రు అయింది. మిరు అంటే మా పాతకాలం మాటల్లో డ్రాగన్. ఇంకేం కావాలి? పేపర్లో మీ పేరు పడిన రోజే మన్సిక్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"పిన్నీ, ఈసారి మనకి డ్రాగన్ దిగుతోంది. పేరులోనే ఉంది. ఈ ఏడు మొదటి డివిజన్‌కి ఎక్కకపోతే నా మీసం తీయించేస్తా" అన్నాడు.

"నీకు మీసమెక్కడుందిరా?" అన్నాను.

"అప్పటికి పెంచుతా" అన్నాడు.

మీ అమ్మగారు ఏ దేవుణ్ణి తలుచుకుని ఆ పేరు పెట్టుకున్నారో పాపం. ఇంత దూరంలో, సముద్రం ఒడ్డున చేపలెండబెట్టుకునే వాళ్లు ఆ పేరు మీద ఇంత ఆశ పెట్టుకుంటారని ఆవిడకేం తెలుసు? మీ డ్రాగన్ బ్యానర్ ఈ బల్లల మీదే పరిచి కుట్టారు. తోక నేనే కుట్టాను. పొలుసులు కుట్టలేక వేళ్లు పుండ్లు పడ్డాయి.

మీరు దిగిన ఆ రోజే మునిసిపల్ హాల్లో మీటింగు. మీరు స్టేజీ మీద కుర్చీలో, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు కూర్చున్నారు. ఒక్కొక్కరూ లేచి మైకు తీసుకోవడమే.

చేపల వేలం పాడే పెద్దాయన లేచి, "ముందుకెళ్లి ఆడించండి, వెనక్కి వెనక్కి పాస్‌లిస్తే చూడలేం" అన్నాడు. టీచరమ్మ లేచి మా ఊరి పిల్లలకే చోటివ్వమంది. ఇంకొకడు, "పక్క ఊరి టీమ్‌ని ఓడించండి చాలు, మిగతావన్నీ ఓడిపోయినా మాకేం బాధ లేదు" అన్నాడు. అందరి తర్వాత మన్సిక్. "సియోల్ టీములు బస్సెక్కి మన ఊరికి రావాలి సార్. మనమంటూ ఉన్నామని వాళ్లకి తెలియాలి. అంతకన్నా మేమేం అడగం" అన్నాడు. అంతకన్నా అడగడానికి ఇంకేం మిగిలిందో మీరే చెప్పండి.

తర్వాత ఎవరో మైకు నా చేతిలో పెట్టారు.

నాకేం అడగాలో తోచలేదు కోచ్‌గారూ. మా ఆయన ఉంటే దంచేసేవాడు. ఆయనకి ఆటంటే ప్రాణం, నాకు ఆయన పక్కన కూర్చోవడం అలవాటు. ఆయన డోలు కొట్టేవాడు, నేను వేడి బార్లీ టీ పోసి ఇచ్చేదాన్ని. ఆయన పోయాక కూడా వెళ్తున్నానంటే, ఆ వేళకి ఇంట్లో ఉండలేక.

అందుకని నోటికొచ్చింది అడిగేశాను. "భోంచేశారా?" అన్నాను.

హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి మీ చెవిలో చెప్పింది. మీరు మాత్రం నవ్వలేదు. నాకేసి చూసి, లేదన్నట్టు తల ఊపారు. అన్ని గంటలసేపు మీ చేత ప్రమాణాలు చేయించారు గానీ, దిగిన మనిషికి ఒక ముద్ద పెట్టాలని ఎవరికీ తట్టలేదు.

మర్నాడే కదా, మీరు దారి వెతుక్కుంటూ వచ్చింది. మధ్యాహ్నం జనం అయిపోయి, సాయంత్రం జనం ఇంకా రాని వేళ. పక్క బల్ల మీది గిన్నె చూపించి అదే కావాలని సైగ చేశారు. అప్పట్నుంచీ అదే వేళ, అదే గిన్నె.

ఆ వేళ ఎలాంటిదో మీకెలా చెప్పను? గిన్నెలు కడగడం అయిపోతుంది. టీవీలో ఏదో మోగుతూ ఉంటుంది. వచ్చేవాళ్లు సూప్ అడుగుతారు, కిమ్చి అడుగుతారు, వెళ్లిపోతారు. ఆయన పోయినప్పట్నుంచీ, మీరు తలుపు తీసేదాకా, ఆ వేళకి నాలో నేనే మాట్లాడుకునేదాన్ని. ఉల్లికాడలతో మాట్లాడేదాన్నండీ. నవ్వండి, పర్వాలేదు.

మీరొస్తున్నారని తెలిశాక నా కొట్టుకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. "పిన్నీ, కోచ్ ఏమన్నాడు? మొహం ఎలా ఉంది? శనివారం ఎవర్ని దింపుతాడట?" మీరు గిన్నెలో అన్నం వదిలేస్తే దిగులు, ఊడ్చి తింటే పండగ. ఒకసారి మీరు కిమ్చి రెండోసారి అడిగారని, ఈసారి ఫార్వర్డ్‌లు ఇద్దరని తేల్చేశారు. నా గురించి ఎవరూ ఏమీ అడగలేదనుకోండి. అయినా కొట్టు నిండా మనుషులు. నాకదే చాలనిపించింది.

మార్చిలో గెలిచారు కదా, ఒకదాని వెనక ఒకటి. మన్సిక్ నిజంగానే మీసం పెంచడం మొదలుపెట్టాడు. సియోల్ నుంచి పేపరువాళ్లు వచ్చి ఇదే బల్ల దగ్గర కూర్చుని, "పెద్ద టీములు ఈయన మీద కన్నేశాయి, మీకు తెలుసా అమ్మా" అని నన్నే అడిగారు. తెలీదన్నాను. చేతిలో గరిట ఉందని కూడా మర్చిపోయి నిలబడిపోయాను.

ఏప్రిల్లో గోల్‌కీపర్ మోకాలు పోయింది. అక్కణ్ణుంచి పట్టుకుంది శని. ఓటములు, డ్రాలు, మళ్లీ ఓటములు. కొట్టులో గొంతులు మారాయి. డ్రాగన్ కాదు పామన్నాడొకడు. పాము కూడా కాదు, ఎండు చేపన్నాడింకొకడు. నేను చేయి ఆపకుండా వడ్డిస్తూనే ఉన్నాను.

నిన్నటి సంగతి మీకు నేను చెప్పాలా? పక్క ఊరి టీమ్ చేతిలో, అదీ సొంత మైదానంలో. ఆట అయ్యేసరికి మా వాళ్లంతా గేటు దగ్గర బస్సుకి అడ్డంగా కూర్చున్నారు. నేనూ ఉన్నానండీ అక్కడ. వెనకాల, టికెట్ల గది పక్కన. మీరు చూశారేమో, నాకు తెలీదు.

మీరు దిగారు. మాలాగే నడుం వంచి దండం పెట్టారు. తప్పంతా నాదే, ఆటగాళ్లని ఏమీ అనొద్దు అన్నారట, ఆ అమ్మాయి చెప్పింది. ఎవరూ మీ మీద చెయ్యెత్తలేదు, అంతవరకు నయం. కానీ ఎవడో రెయిలింగు మీంచి ఆ డ్రాగన్‌ని లాగేశాడు. వానకి తడిసిన గుడ్డ కదా, ధబ్బున పడింది. జనం దాని మీదే నడుచుకుంటూ ఇళ్లకి పోయారు.

నేను ముందుకొచ్చి ఒక్క మాటైనా అనాల్సింది. అనలేదు.

పొద్దున్న మన్సిక్ వచ్చాడు. వెనక ఇద్దరు. కూర్చోమన్నా కూర్చోలేదు. మీసం తీసేశాడు, పై పెదవి తెల్లగా కనిపిస్తోంది.

"పిన్నీ, ఇక ఆయనకి అన్నం పెట్టొద్దు" అన్నాడు.

"ఎందుకురా?"

"ఊరంతా ఒక మాట మీదుండాలి. శనివారం బ్యానర్లు తలకిందులుగా కడుతున్నాం. టీమ్ పాట పాడం. అక్కడ మేమలా నిలబడితే, ఇక్కడ నువ్వాయనకి కిమ్చి వడ్డిస్తుంటే, చూసేవాళ్లేమనుకుంటారు?"

"ఆకలేసి వచ్చాడనుకుంటారు" అన్నాను.

"నువ్వు మన మనిషివి పిన్నీ. బాబాయ్ ఉంటే నా పక్కన నిలబడేవాడు."

వాడన్నది నిజం కోచ్‌గారూ. ఆయన ఉంటే అందరికన్నా ముందు కూర్చునేవాడు. బస్సు కింద పడుకున్నా పడుకునేవాడు. మామూలుగా చీమకి కూడా హాని చేసేవాడు కాదు గానీ, ఆట దగ్గర మా ఆయన అంత మంచివాడేం కాదు.

"మీ బాబాయ్ పోయాక మీలో ఒక్కడైనా, ఏ పనీ లేకుండా, ఊరికే వచ్చి నా దగ్గర కూర్చున్నాడా?" అని అడుగుదామనుకున్నాను. గొంతు దాకా వచ్చింది. అడిగితే ఏడుస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు.

"వస్తే పెడతాను మన్సిక్" అన్నాను. అంతే.

వాడు కండువాలు ఒక్కొక్కటే తీయించాడు. డోలు వాడే దించాడు. "సంఘం సామాను" అన్నాడు, నాకేసి చూడకుండా. మా ఆయన చేతి చెమటకి తోలు నల్లబడిపోయిన డోలండీ అది. సంఘం సామాను.

గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "వాన పడుతోంది పిన్నీ, దీని మీద కప్పడానికేమైనా ఉందా?" అన్నాడు.

నేనే ప్లాస్టిక్ పట్టా తెచ్చి కప్పాను. తాడు కూడా నేనే కట్టాను. వాడు ముడి వేస్తే ఊడిపోతుంది.

మధ్యాహ్నం ఒక్కరూ రాలేదు. ఆదివారం పూట, వాన రోజు, వేడి సూప్ కోసం ఎగబడాలి మామూలుగా. మీరే మొదటివారు.

ఏంటలా గిన్నె పక్కన పెట్టేశారు? తినండి. మీ కోసం నేనేదో త్యాగం చేశాననుకుంటున్నారేమో. నేనంత మంచిదాన్ని కాదు బాబూ. వినండి మరి.

ఇక్కడ కోచ్‌గా వచ్చినవాళ్ల సంగతి నాకు తెలుసు. మీకు ముందు ఒకాయన గెలిపించాడు, సియోల్ వాళ్లు సీజన్ మధ్యలోనే ఎత్తుకుపోయారు. ఆ తర్వాతాయన ఓడాడు, మేమే సాగనంపాం. గెలిచినవాడూ ఉండడు, ఓడినవాడూ ఉండడు. అందుకని మార్చిలో మీరు గెలుస్తుంటే, అందరితో పాటు లేచి చప్పట్లు కొట్టాను గానీ, లోపల గుండె జారిపోయేది. ఏప్రిల్లో ఓడుతుంటే మళ్లీ అదే జారుడు.

నీలం కండువా కప్పుకుని, మా వాళ్ల మధ్యలో కూర్చుని, నేనేం మొక్కుకునేదాన్నో తెలుసా? మా ఆయన వింటే డోలు కర్రతో కొట్టేవాడు. ఎవరూ గెలవకూడదని మొక్కుకునేదాన్ని. సున్నా, సున్నా. ఒకటి, ఒకటి. ఏడాదంతా అలాగే గడిచిపోవాలని. సియోల్ వాళ్లకి మీరు కనబడకూడదు, మా వాళ్లకి మీరు బరువు కాకూడదు. రోజూ ఆ తలుపు తీసుకుని వచ్చి ఇక్కడ కూర్చోవాలి, అంతే.

నిన్న చివరి నిమిషం దాకా ఒకటి, ఒకటే కదా. జనమంతా గోళ్లు కొరుక్కుంటున్నారు. ఆ స్టేడియం మొత్తంలో సంతోషంగా ఉన్నది నేనొక్కదాన్నే.

అలా చూడకండి. తినండి, చల్లారిపోతుంది. ఇందులో మీకు ఒక్క ముక్కైనా అర్థమయ్యేదైతే, నేను చెప్పేదాన్నా?