భూమయ్య చల్లబరిచిన రెండు మీటర్లు

అరబ్బు దేశపు అల్ ఖౌద్‌లో శుక్రవారం సాయంత్రం చాయ్ దుకాణం ముందు మనుషులకన్నా కార్లెక్కువ. హారన్ కొడితే చిక్కటి కరక్ చాయ్ కారు దగ్గరికే వస్తుంది. కారు లేనివాళ్లకు గోడవార బల్ల ఉంది. ఆ బల్ల మీద భూమయ్య కూర్చున్నాడంటే మాత్రం అతని కోతలు వినడానికి కార్ల అద్దాలు కూడా సగం దిగుతాయి.

ఆ రోజు అతనికి నోరే ఆధారం. దూరాన సహంలో స్లాబ్ పనికి రేపు పొద్దున బండి పోతోంది. లిస్టులో ఒక్క పేరు తక్కువైంది, లిస్టు ఫోర్‌మన్ నర్సింగ్ చేతిలో ఉంది. భూమయ్యది ఇప్పుడు స్తంభం డ్యూటీ. వాతావరణం లెక్కగట్టేవాళ్లు ఊరిచివర ఇసుకలో నాటిన గాలిస్తంభానికీ, దాని పక్కన మనిషెత్తున నిలబెట్టిన తెల్ల పెట్టెకూ కాపలా. పెట్టెలో ఎండను కొలిచే మిషనుంటుంది. దాని దగ్గరికి మేకలు రాకుండా చూడాలి. మేకలు ఎలాగూ రావు. అంత మంచి డ్యూటీని వదులుకోవడానికి భూమయ్య పిచ్చోడా?

"నేను సదువు రానోన్నే, ఒప్పుకుంట," అని మొదలుపెట్టాడు. "ఏడో తరగతి రెండుసార్లు తప్పిన, మూడోసారి సారే బడి ఇడిసిపెట్టి పోయిండు. గని ఆ వాతావరణం కంప్యూటర్ నాకంటె మొద్దు నర్సింగ్ తమ్మీ. దానికి మబ్బులు కనవడ్తయి, సముద్రమవతలి గాలి కనవడ్తది, కాళ్లకాడిది కనవడది. నేలనంత పెద్ద పెద్ద మడులు జేసుకుంటది, ఒక్కో మడి రెండు మూడు కిలోమీటర్లు. అండ్ల గుట్టుండనీ, ఖర్జూరం తోటుండనీ, డాంబర్ రోడ్డుండనీ, మొత్తానికి ఒక్కటే ఎండ అంటది. మనం బతికేదేమో నేల మీది రెండు మీటర్లల్ల. ఆ రెండు మీటర్లే దానికి తెల్వయి. అప్పుడు నేనేం జేసిన్నో ఎర్కేనా?"

"మేకల్ని తోలినవ్," అన్నాడు రూమ్‌లో అతని పక్క మంచం రఘుపతి.

"నువ్వు సప్పుడు జెయ్యకురా. పెద్దింజనీరును పిలిచి, సార్, ఇసుక జల్ది కాగుతది, జల్ది సల్లారుతది, తోట అట్ల గాదు, అని జెప్పిన. రాసుకుంట రాసుకుంట ఆయన మూడు పెన్నులు ఒడగొట్టిండు. అదంత కంప్యూటర్‌కెక్కిచ్చిన్రు. తెల్లారి అదే నన్నడిగింది: భూమయ్యా, ఇయ్యాల గాలి ఎటు?"

"తెలుగులనా?" అన్నాడు నర్సింగ్.

"నాతోని తిరిగితె రాదా మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొన్న సముద్రం మీదికెల్లి తుపాను లేసింది. నేల నున్నగుంటె గాలి జారుకుంట వస్తది గద, గరుకుంటె కాళ్లు తట్టుకుంటయి. నేను పార వట్టి స్తంభం సుట్టూ ఇసుకంత గరుకు జేసిన. తుపాను వచ్చింది, తట్టుకున్నది, బోర్ల వడ్డది. లేసి, దులుపుకొని, నాకు సలాం కొట్టి ఇరాన్ దిక్కు మర్లిపోయింది."

నవ్వాపుకోలేక నర్సింగ్‌కు చాయ్ పొలమారింది. అతను నవ్వాడంటే సగం పని అయినట్టే. భూమయ్య ఇంకో మెట్టెక్కాడు.

"గదంత ఎందుకు, ఎండకాలం గద, పన్నెండున్నరకు పని బందయితదా, నేను స్తంభం కాడ కూసుంటనా, ఎండ నాలుగు డిగ్రీలు దిగుతది. మూడున్నరకు లేస్తె మల్ల ఎక్కుతది. మిషన్ల రాసుంటది, సూసుకో! నన్ను సహం తోల్తె అల్ ఖౌద్ మాడి మసైతది. ఆ పాపం నీకే తమ్మీ."

"మిషన్ల రాసుంటదా?" నర్సింగ్ నవ్వుతూ లిస్టు మడిచి జేబులో పెట్టబోయాడు.

"రాసుంది నర్సింగ్ గారూ, నిజమే."

పక్కనున్న తెల్ల కారు అద్దం పూర్తిగా దిగింది. లోపల సూర్యకుమారి మేడం. ఆ స్తంభం లెక్కలు చూసే ఇంజనీరు, కాకినాడ మనిషి. భూమయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఇన్నవా తమ్మీ! మేడమే అంటున్నది!"

"నెల రోజులుగా సరిగ్గా ఆ మూడు గంటలూ అక్కడ నాలుగు డిగ్రీలు తగ్గుతోంది, తేమ పెరుగుతోంది. శుక్రవారం సెలవునాడు మాత్రం తగ్గదు. కంప్యూటరేమో ఎండ ఎక్కువంటుంది. దానిదే తప్పని నెలంతా దాంతో పోట్లాడాను. అక్కడ భూమి కింద పాత ఫలజ్ కాలువేదో పారుతోందని పైవాళ్లకు పదకొండు పేజీలు రాశాను. నిన్న మధ్యాహ్నం ఆ కాలువ చూద్దామనే వెళ్లాను."

నిన్న మధ్యాహ్నం తనెక్కడున్నాడో భూమయ్యకు గుర్తొచ్చింది. ఛాతీ పెరిగిన రెండంగుళాలూ దిగి, ఇంకో అంగుళం లోపలికి పోయింది.

"కాలువ లేదు. తెల్ల పెట్టె మీద తడి లుంగీ కప్పి, దాని నీడన మీరు గుర్రు పెడుతున్నారు భూమయ్య గారూ. ఆరితే మళ్లీ తడపడానికి పక్కన బకెట్టు కూడాను."

బల్ల బల్లంతా నవ్వింది. వెనక కారెవరిదో హారన్ కూడా కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక భూమయ్య కోసిన కోతలన్నిట్లో నిజమైంది ఇదొక్కటే. దొరికిపోయిందీ దీంతోనే.

నర్సింగ్ లిస్టు విప్పి పేరు రాశాడు.

"పొద్దుగాల నాలుగింటికి బండి, భూమన్నా."

రఘుపతి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"లుంగీ మర్వకు కాకా. సహం గూడ జర సల్లవడ్తది."