కొత్త సార్ పేరు

బొగ్గుబాయి కాలనీ క్వార్టర్లో కూతురు హైదరాబాద్ ట్రైనింగుకు బ్యాగు సర్దుకుంటోంది. ఆ గని ఆఫీసులో కంప్యూటర్ల పని ఆమెదే. తల్లి ఒకసారి మడతపెట్టిన చీరనే మళ్లీ మడతపెడుతోంది.

“పాస్‌వర్డ్ చీటీ చింపేసినవట? గుడి తాళం నడుముకు చెక్కుకున్న పూజారి లెక్క చేసినవని మీ అన్న నవ్వుతుండు.”

“చింపిన. బాయిల పానం తీసే గ్యాస్ ఎంతున్నదో ఆ రీడింగులన్నీ ఆఫీసుల పెద్ద కంప్యూటర్ల, యూనిక్స్ సర్వర్ల ఉంటయవ్వా. షిఫ్టు సార్లు విండోస్ కంప్యూటర్ల తెరిచి చూస్తరు. అందరికీ ఒక్కటే పాస్‌వర్డ్ ఉండె. పోయిన నెల ఎవరో రీడింగు దిద్దిండ్రు. ఎవరో తెల్వలే. ఇప్పుడు ఎవరి పేరు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకే.”

“మంచిదే. అందరికీ ఇచ్చినవా?”

“రేపొక కొత్త సార్ వస్తుండు. ఆయన పేరు నేను వచ్చినంక ఎక్కిస్త.”

“అందాక ఆయనెట్ల చూస్తడు?”

“పక్క సార్‌ను అడుగుతడు.”

“ఎవరి పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని నువ్వే అంటివి గదా.”

“మూడు దినాలే అవ్వా. ఫికర్ చెయ్యకు.”

“రీడింగు కనపడకపోతే మనుషులను దింపకుండ ఉంటరా?”

“దింపొద్దు.”

“దింపొద్దని నాకూ తెలుసు బిడ్డా. ఉంటరా అని అడుగుతున్న.”

కూతురు జిప్పు లాగింది.

“బస్సు టైమయింది.”

“మీ అన్న రేపటి నుంచి బాయిల దిగేది ఆ కొత్త సార్ షిఫ్టులనే.”

“వచ్చినంక మొదటి పని అదే చేస్త అవ్వా.”

కూతురు శుక్రవారం తిరిగివచ్చింది. గురువారం మొదటి షిఫ్టులో కొత్త సార్‌కు పాస్‌వర్డ్ లేక గ్యాస్ రీడింగు ఎవరూ తెరవలేదు. ఆ షిఫ్టుకు దిగిన ఆమె అన్న శ్రావణ్ మళ్లీ పైకి రాలేదు.