ఆపరేషన్ గదిలో సాక్షి ప్లేటు

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, జులై ఒకటో తేదీన మా ఆసుపత్రి సూక్ష్మజీవ పరీక్షా విభాగంలో సహాయ వైద్యురాలిగా అడుగుపెట్టి, నేడు ఆ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మేడమ్ గారికి మేమంతా పెట్టుకున్న పేరు ‘ఆగండి మేడమ్’. ఫలితం కోసం ఎవరు తొందరపెట్టినా ఆవిడ నోట వెలువడే తొలి మాట అదే. పేరు పెట్టిన పుణ్యాత్ముడెవరో గాని, కాలక్రమేణా ఆవిడ దానికి పలకడం కూడా నేర్చుకున్నారు.

కిటికీ లేని రెండు గదుల్లో, మొరాయించే ఇంక్యుబేటరుతో కుస్తీ పడుతూ తొలి సంవత్సరాలు గడిచాయి. విభాగాధిపత్యం స్వీకరించిన అనంతరం ఆవిడ దృష్టి దీర్ఘకాలిక నడుం నొప్పిపై నిలిచింది. వెన్నులో దెబ్బతిన్న డిస్కులోకి గాలి గిట్టని ఒక మందకొడి క్రిమి చేరి కొందరిలో నొప్పిని రగిలిస్తుందేమోనని కొందరు పరిశోధకులు, అది చర్మం మీది నుంచి నమూనాలోకి చేరిందేనని మరికొందరు వాదించుకుంటున్నారు. ఆ వాదం నేటికీ తెగలేదు. నమూనా వేసి క్రిములను పెంచే ప్లేట్లలో ఐదు రోజులకు ఏమీ పెరగనివాటిని పారేసే అలవాటును మాన్పించి, రెండు వారాలు ఉంచే పద్ధతిని ఆవిడ ప్రవేశపెట్టారు. అంతటితో ఆగక, శస్త్రచికిత్స జరిగినంతసేపు బల్ల పక్కన, నమూనా వేయని ప్లేటొకటి మూత తీసి ఉంచాలని పట్టుబట్టారు. గదిలోని క్రిములేవో అది చెబుతుంది కాబట్టి దానికి సాక్షి ప్లేటని పేరు. శస్త్రవైద్యులు దాన్ని చాదస్తమన్నారు.

ఆ చాదస్తానికి అసలు పరీక్ష మా అంబులెన్సు డ్రైవరు గారి విషయంలో ఎదురైంది. డిస్కు ఆపరేషన్ తరువాత కూడా ఆయన నొప్పి తగ్గలేదు. స్కానులో కారణం కనిపించకపోవడంతో ‘పని ఎగ్గొట్టే నాటకం’ అన్న మాట కార్యాలయమంతా పాకింది. ఆయనను ఉద్యోగం నుంచి తొలగించాలా వద్దా అన్నది మెడికల్ బోర్డు ఆ శుక్రవారమే తేల్చనుంది. సరిగ్గా ఆ వారమే, పది రోజుల కిందట రెండోసారి ఆపరేషన్ చేసి తీసిన ఆయన డిస్కు ముక్క వేసిన ప్లేటులో తెల్లటి చుక్కలు మొలిచాయి.

శస్త్రవైద్యుడు పరుగున వచ్చారు. “దొరికింది కదా మేడమ్! రిపోర్టు ఇచ్చేయండి, మందు మొదలుపెడతా.”

“ఆగండి. సాక్షి ప్లేటు ఇంకా తేలలేదు.”

“మీరు ఆగితే అతని ఉద్యోగం నిలవదు!”

ఏళ్ల తరబడి మేడమ్ వెతుకుతున్న క్రిమి అది. సంతకం చేస్తే డ్రైవరు గారు గట్టెక్కుతారు, విభాగానికీ పేరొస్తుంది. అయినా కలం ముట్టలేదు.

గురువారం ఉదయం సాక్షి ప్లేటు మీద కూడా అవే చుక్కలు తేలాయి. ఏ ముక్కా తగలని ప్లేటు మీద పెరిగిందంటే, దొరికిన క్రిమి గదిలోనిదై ఉండాలి. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, శస్త్రవైద్యుడు అప్పటికే డ్రైవరు గారి భార్యకు శుభవార్త చెప్పేశారు. కాసేపటికి ఆమె వెలుగుతున్న ముఖంతో ల్యాబు గుమ్మంలో నిలబడ్డారు.

“పురుగు దొరికిందట కదమ్మా, మందేస్తే తగ్గిపోతుందట!”

మేడమ్ లేచి ఆమె చేయి పట్టుకున్నారు. “లేదమ్మా. దొరికింది మీ ఆయన నడుములోదని చెప్పలేను.”

“అంటే ఆయన నొప్పి అబద్ధమనేనా?”

“నొప్పి నిజం. మేము దొరికిందనుకున్నదే అబద్ధం.”

మర్నాడు ఎవరూ పిలవకుండానే మేడమ్ బోర్డు ముందుకు వెళ్లారు. “కారణం మాకు తెలియలేదు. మాకు తెలియనంత మాత్రాన అతనికి నొప్పి లేదనడం నా చదువు ఒప్పుకోదు,” అన్నారు. గంటసేపు వాదోపవాదాలు సాగాయి. చివరకు డ్రైవరు గారిని అంబులెన్సుల ఫోన్ గదికి మార్చారు. నొప్పి నేటికీ ఉంది. ఆయన నిలబడే ఫోన్లు ఎత్తుతారు.

మేడమ్ గారు ఆయురారోగ్యాలతో, మనుమలు విసుక్కునేంత నిదానంతో, నిండు నూరేళ్లు వర్ధిల్లాలని విభాగం యావత్తూ మనసారా ఆకాంక్షిస్తోంది. ఈ వీడ్కోలు సంచికలో మీ తరఫున ఏం రాయమంటారని అడిగితే, డ్రైవరు గారు ఫోన్ పక్కన పెట్టి చెప్పారు: “ఆవిడకి ఏ నొప్పీ రాకూడదని రాయండి. వస్తే మాత్రం, చెప్పగానే నమ్మేవాళ్లు పక్కన ఉండాలని రాయండి.”