మూడో ట్రాన్సిస్టర్ నాది

అధ్యక్ష స్థానంలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా వర్క్‌షాపు యజమానిగారికి, పెద్దలకు, ముందు వరసలో ఉన్న వదినగారికి, మైకు వీడికెవరిచ్చారా అని చూస్తున్న మిత్రులకు నమస్కారం.

ఇవాళ రిటైరవుతున్న మా మేస్త్రీగారే నాకు ఆంప్లిఫయర్ల పని నేర్పారు. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు ట్రాన్సిస్టర్ అర్థం కాదని, ఆయన తన ఇంటినే ఉదాహరణగా చెప్పారు. సిగ్నల్ పైకి లేస్తూ లోపలికెళ్తే, పెద్దదై, కిందికి దిగుతూ బయటికొస్తుందట. ఆయన మెల్లగా ఔనంటే వదినగారు గట్టిగా కాదన్నట్టు. (నవ్వులు) నన్నలా చూడకండి వదినగారూ, మాట ఆయనది. ఆ కాదును రెండో ట్రాన్సిస్టర్‌కిస్తే మళ్లీ తిరగబడి ఇంకా గట్టి ఔనవుతుంది. అందుకే మా ఆంప్లిఫయర్ పెట్టెల్లో అలా తిప్పేవి రెండే పెడతాం.

పద్దెనిమిదేళ్ల కిందట ఒక సభామందిరానికి కుడివైపు పెట్టె ఆయన, ఎడమవైపుది నేను చేశాం. గురువుగారి కంటే నాది గట్టిగా మోగాలని, ఎవరికీ చెప్పకుండా మూడోది అతికించాను. విడివిడిగా రెండూ బ్రహ్మాండంగా మోగాయి. కలిపితే, మూడోసారి తిరగబడి నా ఔను కాస్తా కాదైపోయి, ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగింది. ప్రారంభోత్సవం నాడు సరిగ్గా మధ్యలో కూర్చున్న యజమానిగారికి ఉపన్యాసమంతా దోమ పాటలా వినపడింది.

మర్నాడు ఇదెవరి పనని యజమానిగారు అడిగితే, నేను బల్ల కింద, పడని స్క్రూ కోసం వెతుకుతున్నాను. పైనుంచి మేస్త్రీగారి గొంతు వినపడింది.

"నాదేనండి."

ఆయనకు రావాల్సిన ఫోర్‌మన్ పదవి ఆ నెలలోనే ఇంకొకరికి పోయింది. తిరగబడ్డది బయటపడకుండా నా స్పీకరు తీగలు రెండూ అటూ ఇటూ మార్చేసి గండం గడుపుదామని ఆ రోజే మేస్త్రీగారితో అన్నాను. ఆయన తిట్టలేదు.

"కప్పెట్టకు. నువ్వు పెట్టింది నువ్వే పీకు," అన్నారు.

పీకాను. నోరు మాత్రం విప్పలేదు. ఈ హాల్లో నేను ఏడిపించని మనిషి లేడు గానీ, ఈ ఒక్క ముక్క చెప్పడానికి ధైర్యం చాల్లేదు. యజమానిగారూ, మీరివ్వబోయే ప్రశంసాపత్రాన్ని పొద్దున దొంగచాటుగా చదివాను. 'ఒక్క పొరపాటు మినహా' అని ఉంది. ఆ ఒక్కటీ నాది. ఆ మాట తీసేసి మళ్లీ టైపు చేయించండి. మేస్త్రీగారూ, వద్దని చెయ్యి ఊపకండి, ఇవాళ మీ మాట వినను.

కొత్త కాగితం వచ్చేదాకా నేనిక్కడే, గోడవార నిలబడి ఉంటాను. ఇంతసేపు భరించినందుకు అందరికీ దణ్ణాలు. సెలవు.